పెరట్లో తుమ్మి: పీకేద్దామా, పెంచుదామా?

దోసతీగ నిండా పసుప్పచ్చటి పూలుంటాయి. పిందె కూడా కనిపిస్తుంది. నాలుగు రోజులు తిరిగేసరికి ఆ పిందె పండుబారి, మెత్తబడి, చేయి తగిలితే చాలు రాలిపోతుంది. నెల్లూరులో మిద్దెతోట పెట్టుకున్నవాళ్లను ఎవరిని కదిలించినా ముందు చెప్పే గోడు ఇదే. సలహాలకేం కొదవ లేదు. వేపపిండి వెయ్యమంటారు, పుల్ల మజ్జిగ కొట్టమంటారు, బోరాన్ చల్లమంటారు. ఒక్కోసారి ఇవీ పనిచేస్తాయి. కానీ చాలా ఇళ్లలో జరిగింది చాలా చిన్న విషయం. ఆడపువ్వు విచ్చుకున్న ఆ ఒక్క పూట దాని మీద ఏ తేనెటీగా వాలలేదు, అంతే.

దోస, గుమ్మడి, కాకర, పుచ్చ లాంటి తీగలకు మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. ఆడపువ్వు అడుగున పిందె ఆకారం పుట్టుకతోనే ఉంటుంది కాబట్టి కాయ పడిపోయిందని మనం సంబరపడతాం. మగపువ్వు నుంచి పుప్పొడి వచ్చి చేరితేనే ఆ పిందె ఊరుతుంది. ఈ పుప్పొడి జిగురుగా, బరువుగా ఉంటుంది. గాలికి ఎగరదు, ఎవరో ఒకరు మోసుకురావాలి. గుమ్మడిపువ్వు తెల్లవారుజామున విచ్చుకుని పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది. ఆ కాస్త వ్యవధిలో తేనెటీగ మీ మూడో అంతస్తు డాబా దాకా ఎగిరి రావాలంటే దానికో కారణం ఉండాలి కదా. నాలుగు గుమ్మడిపూల కోసం అంత దూరం రాదు. రోజూ మేత దొరికే చోటైతే వస్తుంది, దారి అలవాటు చేసుకుంటుంది.

ఆ మేత కోసం ఏం పెంచాలన్న దగ్గరే చిక్కంతా. నర్సరీకి వెళితే ముద్దబంతి చేతిలో పెడతారు. చూపుకు బాగుంటుంది, దండకు పనికొస్తుంది. ఈగకు మాత్రం అందులో పెద్దగా దక్కేదేం లేదు, ఎందుకంటే తేనె ఇవ్వాల్సిన నడిమి చిన్నపూల చోటంతా రేకులే ఆక్రమించి ఉంటాయి. ఆన్‌లైన్‌లో అడవిపూల విత్తనాలంటూ ప్యాకెట్లు అమ్ముతున్నారు. ప్యాకెట్ మీది బొమ్మ ఏ ఇంగ్లండు పచ్చికబయలుదో అయి ఉంటుంది, లోపలి గింజల్లో ఎక్కువ భాగం కూడా ఆ చలిదేశాలవే. మన ఏప్రిల్ ఎండకు అవి నిలవమన్నా నిలవవు. నా ఓటు వీటికి కాదు, తుమ్మికి.

తుమ్మి ఎవరికి తెలియదు? పొదలకూరు దారిలో నిమ్మతోటల గట్ల మీద, కావలి దగ్గర రైలు కట్ట పక్కన, ఒంగోలులో ఇంకా ఇల్లు లేవని ఖాళీ ప్లాట్లలో, వాన పడితే చాలు మోకాలెత్తున లేస్తుంది. నలుపలకల కాడ, సన్నటి గరుకాకు, కణుపు కణుపుకీ గుండ్రటి గుత్తి, గుత్తి చుట్టూ తెల్లటి పూలు. కార్తీకమాసంలో శివుడికి పెడతాం. చిన్నపిల్లలు పువ్వు లాగి అడుగున తేనె చప్పరిస్తారు. తేనె ఉందని పిల్లలకు తెలిసినంత బాగా మిద్దెతోటల వాట్సాప్ గ్రూపులకు తెలియదు.

అయితే తుమ్మి కలుపు మొక్క. ఈ మాట దాచిపెట్టి చెప్పే సలహా సలహా కాదు. "కలుపు తీయడానికి కూలీలు దొరక్క మేము చస్తుంటే నువ్వు కుండీలో పెట్టి నీళ్లు పోస్తావా నాయనా" అని పల్లెలో ఏ రైతైనా అడుగుతాడు. ఆయన అడిగిందాంట్లో న్యాయం ఉంది. ఏ గుణం వల్ల తుమ్మి తేనెటీగకు పనికొస్తుందో, సరిగ్గా ఆ గుణమే చేనుకు చేటు చేస్తుంది. ఈ ముడి విప్పుకోకుండా విత్తనాలు చల్లితే వచ్చే ఏడు మనమే తిట్టుకుంటాం.

ఏడాది మొక్క లెక్క

మామిడి, నిమ్మ లాంటి చెట్టుకు తొందర లేదు. ఈ ఏడు కాపు పోతే వచ్చే ఏడు ఉంది. తుమ్మి లాంటి ఏడాది మొక్కకు ఆ భాగ్యం లేదు. వానకు మొలిచి, పూసి, గింజ రాల్చి, ఎండలు ముదిరేలోపు చచ్చిపోవాలి. కాబట్టి వేళ్లకూ కాండానికీ పెట్టాల్సిన బలమంతా పూతకే ఖర్చు పెడుతుంది. ఎరువు అడగదు, పందిరి అడగదు. బీడులోనైనా చిన్న వయసులోనే పూత పడుతుంది, వారాల తరబడి పూస్తూనే ఉంటుంది. తేనెటీగకు కావలసింది ఇదే: రకరకాల పూలు రెండు రోజులు పూసి ఆగిపోవడం కంటే, ఒకే పువ్వు రోజూ నమ్మకంగా దొరకడం.

ఆ పూతంతా ఎందుకు? గింజ కోసం. ప్రతి పువ్వు రాలిన చోట గిన్నెలాంటి పచ్చటి తొడిమ మిగిలి ఉంటుంది, దాని అడుగున నాలుగు చిన్న గింజలు ముదురుతాయి. ఒక గుత్తిలో పదుల కొద్దీ పూలు, ఒక మొక్కకు బోలెడు గుత్తులు. లెక్క వేయకుండానే అర్థమవుతుంది కదా. పైగా రాలిన గింజలన్నీ ఒకేసారి మొలవవు. కొన్ని ఈ వానకు లేస్తాయి, కొన్ని మట్టిలో పడి వేరే ఏడు లేస్తాయి. ఒక ఏడు వానలు మొహం చాటేసినా వంశం నిలవడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది. రైతుకు ఏళ్లతరబడి తలనొప్పి కూడా ఇదే.

అంటే తుమ్మి పెంచడంలో నేర్చుకోవాల్సింది విత్తడం కాదు, అదెలాగూ తనే మొలుస్తుంది. పువ్వు మనకు, గింజ మాత్రం మనం చెప్పినంతే. ఈ రెంటి మధ్య ఎప్పుడు కత్తెర పెట్టాలో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

ఒక పువ్వును దగ్గరగా చూస్తే

పొద్దున ఎనిమిదింటప్పుడు తుమ్మి గుత్తి ముందు గొంతుకూర్చుని చూడండి. పువ్వుకు రెండు పెదవులు. కింది పెదవి వెడల్పుగా, తెల్లగా, ముందుకు చాచి ఉంటుంది. పై పెదవి చిన్నది, వంగి ఉంటుంది, దాని మీద తెల్లటి నూగు. కేసరాలు నాలుగూ ఆ పై పెదవి కింద దాక్కుని ఉంటాయి. తేనె గొట్టం అడుగున ఉంటుంది. ఈగ వచ్చి కింది పెదవి మీద వాలి, తల లోపలికి దూర్చగానే పై నుంచి కేసరాలు దాని తలకూ వీపుకూ రాసుకుంటాయి. అక్కడ పడిన పొడి ఈగ కాళ్లకు సులభంగా అందదు కాబట్టి దులుపుకోలేదు, మరో పువ్వుకు మోసుకుపోతుంది. తులసి, పుదీనా పూలు కూడా ఇదే కుటుంబం, ఇంచుమించు ఇదే ఏర్పాటు. ఇంట్లో తులసికోట ఉన్నవాళ్లు ఆ కంకుల మీద ఈగలు ముసరడం చూసే ఉంటారు.

వచ్చేది ఎవరెవరు? జుంటి తేనెటీగలు వస్తాయి, తొర్రల్లో పట్టు పెట్టే మామూలు తేనెటీగలు వస్తాయి. చిన్న సీతాకోకచిలుకలు సరేసరి. వీటన్నిటికంటే నేను ఎక్కువ విలువ ఇచ్చేది ఇంకో ఈగకు. దానికి జనంలో గట్టి పేరంటూ లేదు. తేనెటీగంత ఉంటుంది, పొట్ట మీద నీలం చారలు మెరుస్తుంటాయి, ఒక చోట నిలకడగా ఉండదు. పువ్వు ముందు గాల్లో ఆగి, నాలుక చాచి, చటుక్కున పక్కకు తప్పుకుంటుంది. శాస్త్రవేత్తలు అమెగిల్లా అంటారు. నీలిచారల ఈగ అందాం.

వంకాయ, టమోటా పండించుకునేవాళ్లు ఈ ఈగకు దండం పెట్టాలి. ఆ రెండు మొక్కల పూలలో పుప్పొడి బయట ఆరబోసి ఉండదు. కేసరాలు సన్నటి గొట్టాల్లా ఉంటాయి, చివరన చిన్న రంధ్రం. పొడి ఆ రంధ్రం గుండానే రాలాలి. గాలి ఊపితే కొంత రాలుతుంది, ఆ కొంతతోనే మనకు కాస్తో కూస్తో కాయలు పడుతుంటాయి. నీలిచారల ఈగ, నల్లటి పెద్ద తుమ్మెద మాత్రం కేసరాలను పట్టుకుని రెక్కలు కదపకుండానే రెక్కల కండరాలను అదరగొడతాయి. జుయ్యిమని శబ్దం వినిపిస్తుంది, పొడి జల్లున రాలుతుంది. మామూలు తేనెటీగలకు ఈ విద్య రాదు. తేనెపెట్టె తెచ్చి డాబా మీద పెట్టుకున్నా వంకాయ విషయంలో ఆ లోటు తీరదు.

ఇక్కడే తుమ్మికీ వంకాయకీ ముడి పడుతుంది. వంకాయ పువ్వులో, టమోటా పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి ఒక్కటే. ఆ పుప్పొడి ఈగ పిల్లలకు తిండి. కానీ రోజంతా ఎగిరే తల్లి ఈగకు చక్కెర కావాలి, అది తేనెలోనే ఉంటుంది. తోటలో వంగ, టమోటా మాత్రమే ఉంటే ఆ ఈగ ఆకలికి వేరే చోటికి పోవాల్సిందే. పక్కనే తుమ్మి ఉంటే అక్కడ తాగి, ఇక్కడ పొడి ఏరుకుంటుంది. కూరగాయల మడి పక్కన తుమ్మి ఎందుకంటే నేను చెప్పే మొదటి కారణం ఇదే, మిగతావి తర్వాత.

అన్నిటికీ తుమ్మి మందు కాదు. సొర, బీర తీసుకోండి. సొరపువ్వు సాయంత్రం చీకటి పడే వేళకు విచ్చుకుంటుంది, బీర కూడా సాయంకాలమే. పగలు తిరిగే ఈగలకు ఆ వేళ పని ఉండదు. సొరకు ముఖ్యంగా రాత్రి తిరిగే రెక్కల పురుగులే దిక్కు. వాటి కోసమైతే తెల్లపూల వామింట నయం. అది కూడా వానకు లేచే కలుపు మొక్కే, సాయంత్రం పూట పూలు విప్పుతుంది. ఆకు కూరగా తినేవాళ్లూ ఉన్నారు. పసుపు పూల కుక్కవామింట వేరే, దాని జిగురు, వాసన అందరూ భరించలేరు. అంత ఓపిక లేకపోతే సొరకు మాత్రం సాయంత్రం ఒక మగపువ్వు కోసి ఆడపువ్వుకు రాసేయడమే తేలిక.

మన నేల మీద ఈగకు ఏముంది?

ఇంతా చేసి మూడడుగుల తుమ్మి మడి వల్ల ఒరిగేదేంటి అనిపించొచ్చు. ఈగ కళ్లతో మన జిల్లాలను చూస్తే సంగతి తెలుస్తుంది. నెల్లూరంటే వరి. వరి పువ్వు తన పొడితో తానే గింజ కడుతుంది, తేనె చుక్క ఉండదు. ఎకరాలకు ఎకరాలు పచ్చగా కనిపించినా తేనెటీగకు అది మేత లేని మైదానమే. తూర్పుకు పోతే ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలు. ప్రకాశం వైపు శనగ వేస్తారు, దాని పువ్వు విచ్చుకునేలోపే లోపల పని ముగిసిపోతుంది. కొండపి చుట్టూ పొగాకు, అక్కడ ఆకు బరువెక్కాలని పూత రాగానే తలలు తుంచేస్తారు. నిమ్మ పూసినప్పుడు ఈగలకు పండగే. ఆ పూత అయిపోయాక?

అయిపోయాక వాటిని బతికించేది గట్ల మీది కలుపే. తుమ్మి, గునుగు, వెంపలి, గడ్డిచామంతి. ఇప్పుడు ఆ గట్లకు కూడా గడ్డిమందు కొడుతున్నారు. కూలి రేటు చూస్తే రైతును తప్పు పట్టలేం. కానీ గట్టు ఎర్రగా మాడిపోయిన చోట ఈగకు రెండు పూతల మధ్య తినడానికి ఏమీ మిగలదు. పట్టు పెట్టకుండా ఒంటరిగా గూడు కట్టుకునే చిన్న ఈగలు గూటి నుంచి కొన్ని వందల మీటర్లకు మించి మేతకు పోవు. కాబట్టి ఊళ్లో ఇంటి వెనక, డాబా మీద ఉన్న చిన్న మడికి దాని విలువ దానికుంది. వీధిలో ఇద్దరు ముగ్గురు పెడితే ఇంకా మేలు.

ఏవి పెంచకూడదు

కలుపు పూలు మంచివనగానే పెరట్లో ఉన్న గడ్డినంతా వదిలేసి "పర్యావరణం" అనేవాళ్లున్నారు. అది బద్ధకం. మొదట పీకాల్సింది వయ్యారిభామ. 1950లలో మన దేశంలో బయటపడి ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. చర్మం మీద దద్దుర్లు, తుమ్ములు, ఆయాసం తెప్పిస్తుంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. అది పక్క పంటకు కూడా ముప్పే. 2000లో అనంతపురం వేరుశనగను కాండం కుళ్లు వైరస్ తెగులు ఊడ్చేసింది. ఆ వైరస్ వయ్యారిభామలో ఏ లక్షణమూ చూపకుండా దాక్కుని, దాని పుప్పొడితో, తామర పురుగుల ద్వారా చేలకు చేరిందని తేలింది. పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని వేళ్లతో సహా లాగేయాలి. లేత మొక్క చూడ్డానికి మాచిపత్రిలా ఉంటుంది, వినాయక చవితికి పత్రి కోసేవాళ్లు కూడా పొరబడుతుంటారు. నలిపి వాసన చూస్తే తేడా తెలుస్తుంది కానీ అనుమానం ఉన్నదాన్ని నలపొద్దనే చెబుతాను.

ఉమ్మెత్త పూలకు రాత్రి రెక్కల పురుగులు వస్తాయి, నిజమే. గింజలు విషం. పిల్లలున్న ఇంట్లో వద్దు. పల్లేరు పువ్వు అందంగానే ఉంటుంది, కాయ అరికాల్లో దిగితే తెలుస్తుంది. గడ్డిచామంతి దగ్గర మాత్రం నాకు రెండు మనసులు. అది అమెరికా ఖండం నుంచి వచ్చి పాతుకుపోయిన మొక్క, గింజకు దూది రెక్క ఉంటుంది, గాలికి వీధంతా పాకుతుంది. సీతాకోకచిలుకలు మాత్రం దాన్ని వదలవు. ఉన్నదాన్ని కోస్తూ ఉండనిస్తే సరిపోతుంది, పనిగట్టుకుని నాటక్కర్లేదు. తుమ్మి గింజకు రెక్కలు లేవు, ముళ్లు లేవు. మొక్క కిందే రాలుతుంది. అదుపులో పెట్టగలిగే కలుపు కావాలంటే ఈ ఒక్క విషయం చూసుకుంటే చాలు: గింజ ఎలా ప్రయాణం చేస్తుంది?

పెంచే పద్ధతి

విత్తనం కొనక్కర్లేదు. సంక్రాంతి తర్వాత గట్ల మీద తుమ్మి గుత్తులు గోధుమ రంగుకు తిరిగి ఎండుతాయి. ఆ కంకులు కొన్ని తుంచి, కాగితం మీద తలకిందులు చేసి తట్టితే చిన్న ముదురు గింజలు రాలతాయి. గడ్డిమందు కొట్టని గట్టు చూసుకోండి. కొంతమంది మొక్క కింది మట్టి గోనెలో ఎత్తుకొచ్చి పెరట్లో పోస్తారు, అదొక్కటి మాత్రం చేయొద్దు. ఆ మట్టిలో తుమ్మితో పాటు వయ్యారిభామ గింజలు, తుంగ గడ్డలు అన్నీ వస్తాయి.

ఎప్పుడు చల్లాలన్నది పుస్తకం చూసి కాకుండా వాన చూసి తేల్చుకోవాలి. తెలంగాణలో ఉన్న చెల్లెలు జూన్‌లో చల్లిందని నెల్లూరులో అక్క కూడా జూన్‌లో చల్లితే నీళ్లు మోయడమే పని. మనకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలోనే పడుతుంది. ఒంగోలు వైపు నైరుతి, ఈశాన్యం రెండూ కాస్త అటూఇటూగా పంచుకుంటాయి. తొలకరికి లేచిన తుమ్మి వినాయక చవితి దాటాక పూతకొస్తుంది. చిత్త, స్వాతి కార్తెల్లో, అంటే అక్టోబరు వానలకు లేచింది సంక్రాంతి ముందు వెనకల్లో మంచి పూత మీద ఉంటుంది. ఒంగోలు వాళ్లు రెండు దఫాలుగా చల్లుకోవచ్చు. నెల్లూరు వాళ్లు మాత్రం చిత్తకే ఎక్కువ గింజ దాచుకోవడం మంచిది. మనం తీగ కూరగాయలు వేసేది కూడా ఇంచుమించు ఆ వానలు తగ్గాకే, పూతలు ఒకేసారి కలుస్తాయి.

తుఫాను వానలకు నీళ్లు నిలిచే చోటు దీనికి పడదు, వేరు కుళ్లి పసుపెక్కి పోతుంది. నెల్లూరు టౌనులో పల్లపు కాలనీల్లో ఉన్నవాళ్లు జానెడు ఎత్తు మడి కట్టుకోవాలి. కుండీ అయితే పది అంగుళాలది చాలు, అడుగున రంధ్రం మూసుకుపోకుండా చూసుకోండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు. పశువుల ఎరువు, వర్మీ కంపోస్టు వద్దు. బలం ఎక్కువైతే ఆకు పెడుతుంది, పూత ఆలస్యం చేస్తుంది. గింజలు ఇసుకలో కలిపి పైపైన చల్లి, అరచేత్తో అదిమి, సన్నగా నీళ్లు చిలకరిస్తే సరి. లోతు పెడితే రావు. ఎండ పూర్తిగా తగిలే చోటే పెట్టాలి. చెట్టు నీడలో మొక్క సాగుతుంది కానీ గుత్తి పలచగా ఉంటుంది.

ఇక్కడొకటి, అక్కడొకటి విసిరేస్తే లాభం తక్కువ. తేనెటీగ ఒక ప్రయాణంలో సాధారణంగా ఒకే రకం పువ్వును పట్టుకుని తిరుగుతుంది. దానికి గంపగుత్తగా కనిపించాలి. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మడి, లేదా నాలుగైదు కుండీలు దగ్గర దగ్గరగా పెడితే నయం.

ఇల్లలకగానే పండగ కాదు, కత్తెర పని ఇక్కడే మొదలవుతుంది. తుమ్మి కాడ మీద కింది గుత్తులు ముందు పూస్తాయి. పై గుత్తి తెల్లగా పూతతో ఉండేసరికి కింది గుత్తిలో గింజ ముదురుతూ ఉంటుంది. మొత్తం మొక్క ఎండేదాకా ఆగితే అప్పటికే కింద రాలిపోయి ఉంటుంది. అందుకే వారానికోసారి కింద ఎండబారుతున్న గుత్తుల్ని గోటితోనో కత్తెరతోనో తీసేయాలి. పచ్చి గుత్తుల్ని మొక్కల అడుగున వేసేయొచ్చు. గోధుమ రంగు వచ్చినవాటిని కంపోస్టులో మాత్రం వేయకండి. ఇంటి కంపోస్టు గింజ చచ్చేంత వేడెక్కదు, ఆ ఎరువుతో పాటు తుమ్మి ప్రతి కుండీలోకీ చేరుతుంది. వచ్చే ఏడుకు కావలసిన గింజకు నాలుగు మొక్కలు గుర్తు పెట్టుకుని వాటినే ముదరనివ్వండి. చేనును ఆనుకుని ఇల్లున్నవాళ్లు ఈ కత్తెర పని చేసే ఓపిక లేకపోతే తుమ్మి జోలికి పోకపోవడమే మర్యాద. తులసి కంకులు కోయకుండా వదిలేసినా ఈగలకు కడుపు నిండుతుంది.

ఇంట్లోవాళ్ల అభ్యంతరాలు

"పాములొస్తాయి" అన్నది మొదటి మాట. కొట్టిపారేయాల్సిన మాట కాదు. పాము పువ్వు కోసం రాదు, ఎలకల కోసం, కప్పల కోసం వస్తుంది. కానీ మోకాలెత్తు పొద గుమ్మం పక్కనే ఉంటే దాక్కోవడానికి చోటు దొరికినట్టే. మడిని నడిచే దారికి, గుమ్మానికి దూరంగా పెట్టి, చుట్టూ రెండడుగులు చదునుగా ఊడ్చి ఉంచండి. కట్టెల కుప్ప, ఇటుకల కుప్ప పక్కన అసలు పెట్టకండి. డాబా మీద కుండీలకు ఈ టెన్షన్ తక్కువ. దోమలు పెరుగుతాయన్న భయం ఉత్తిదే, దోమ పుట్టేది నిలవ నీళ్లలో. కుండీ కింద పళ్లెంలో నీళ్లు వంపేస్తే సరి.

"తేనెటీగలు పిల్లల్ని కుడతాయి" అన్నది రెండోది. మేత మీద ఉన్న ఈగ దాని పని అది చూసుకుంటుంది, చేత్తో పట్టుకుంటేనో కాలితో తొక్కితేనో కుడుతుంది. పట్టు దగ్గర ఈగలే తరిమి కుట్టేది. తుమ్మి పూసినంత మాత్రాన ఇంటి సన్‌షేడ్‌కు పట్టు పెట్టదు, దానికి చోటు ఎంచుకునే లెక్కలు వేరే. అయినా పిల్లలు చెప్పుల్లేకుండా ఆడే చోట ఈ మడి పెట్టొద్దు. తేనెటీగ కుట్టి ఒళ్లు వాచిన అనుభవం ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ ఆలోచనే మానుకోవాలి.

మూడో అభ్యంతరం ఎవరూ అడగరు కానీ అడగాల్సిందే. తుమ్మి రుచి మరిగి ఈగలు గుమ్మడిని పట్టించుకోకపోతే? కొన్ని పూటలు అలా జరగొచ్చు. ఎదురుగా తుమ్మి విందు ఉంటే అరుదుగా పూసే ఒక్క ఆడపువ్వు వెనకపడిపోతుంది. మరోవైపు తుమ్మి లేకపోతే ఈగే రాదు. నేను మధ్యేమార్గం చెబుతాను: గుమ్మడి, దోస బాగా పూసే వారాల్లో తుమ్మిలో మూడోవంతు పూత కత్తిరించేయండి, మిగతాది ఉంచండి. గింజ అదుపు కూడా దాంతోనే అయిపోతుంది. మడి కూడా తీగ పాదులోనే వద్దు, నాలుగైదు అడుగులు ఎడం ఉంటే చాలు.

ఇంట్లో నిమ్మచెట్టో కరివేపాకో ఉంటే ఇంకో అతిథి వస్తుంది. నలుపు, పసుపు మచ్చల పెద్ద సీతాకోకచిలుక తుమ్మి మీద తేనె తాగి, అటుగా నిమ్మ లేతాకు మీద గుడ్డు పెట్టిపోతుంది. పొదలకూరు నిమ్మ రైతులకు ఇది పాత శత్రువు. పిల్ల పురుగు మొదట్లో పిట్ట రెట్టలా నలుపు తెలుపుగా ఉంటుంది, పెద్దయ్యాక ఆకుపచ్చ. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. పెద్ద చెట్టుకు నాలుగు పురుగుల వల్ల వచ్చే నష్టమేమీ లేదు. కుండీలో ఉన్న చిన్న మొక్కకైతే రెండు రోజుల్లో మోడే. చేత్తో ఏరి పక్క పెద్ద చెట్టు మీద వదలండి. మందు సీసా తీశారంటే మాత్రం ఈగల్ని పిలిచి విందులో విషం పెట్టినట్టే. తప్పనిసరైతే పూత లేని మొక్కకే, ఈగలు గూళ్లకు చేరిన సాయంత్రం పూట, అదీ వేపనూనె లాంటి దాంతో సరిపెట్టుకోవాలి. మొక్క పీల్చుకునే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు కుండీ మట్టిలో పోస్తే తేనెలోకీ, పుప్పొడిలోకీ చేరతాయి. నర్సరీ నుంచి తెచ్చిన పూలమొక్కకు అది పోశారేమో అడిగి తెలుసుకోండి.

మార్చి వచ్చేసరికి తుమ్మి ఎండిపోతుంది. పీకి పారేసి మట్టి తిరగేయాలని చేతులు ఊరుకోవు. గింజ గుత్తులు తీసేశాక కాడల్ని కొన్నాళ్లు అలాగే ఉండనివ్వండి. నీలిచారల ఈగల్లో మగవాటికి గూడు ఉండదు, చీకటి పడితే ఎండుపుల్లను దవడలతో కరిచి పట్టుకుని వరసగా వేలాడుతూ నిద్రపోతాయి. ఆడవి నేలలో, పాత మట్టిగోడల్లో సన్నటి బొరియలు తవ్వి పిల్లల్ని పెట్టుకుంటాయి. పెరడంతా సిమెంటు చేసేసిన ఇంట్లో పూలెన్ని ఉన్నా ఈగ కాపురం ఉండదు. గోడ వార తవ్వకుండా, తడపకుండా ఒక గజం మట్టి నేల వదిలితే దానికి చాలు. డాబా మీద ఆ వీలు లేదు కాబట్టి అక్కడికి వచ్చేవి కింద ఎవరి పెరట్లోనో పుట్టిన ఈగలే. కింది వాటాలో ఉన్నవాళ్లతో ఈ ముక్క చెప్పి ఉంచడం మంచిది, వేసవిలో వాళ్లు ఆ గజం నేలకు కూడా టైల్స్ వేయించేలోపు.